ఎడమ ఇండికేటర్ వేస్తేనే

శనివారం తెల్లవారుజామున ఐదున్నరకి స్టాన్‌మోర్‌లో శామ్యూల్ అంకుల్ ఇంటి ముందు కారు డిక్కీ తెరిచి, లోపలి సామానంతా తీసి గుమ్మం పక్కన పెట్టడం మొదలుపెట్టాను. రెండు గొడుగులు, సూపర్‌మార్కెట్ సంచులు, అద్దం మీద మంచు గీకే ప్లాస్టిక్ ముక్క, జిమ్ బూట్లు, ఎప్పుడో చిరిగిన బస్తాలోంచి రాలిన గుప్పెడు సోనామసూరి బియ్యం. రోజూ ఆఫీసుకు తిరిగే కారును ట్రాక్ డేకి తీసుకెళ్ళాలనుకునేవాళ్ళు మొదట చెయ్యాల్సిన పని ఇదే. మలుపులో బ్రేక్ పెడల్ కిందికి ఒక నీళ్ళ సీసా దొర్లితే చాలు, తర్వాత కథ చెప్పడానికి మనం ఉండం.

ట్రాక్ డే అంటే రేసు కాదు. బహుమతులుండవు, టైము కొలవరు. రుసుము కట్టి, హెల్మెట్ పెట్టుకుని, మన సొంత కారును మూసి ఉన్న సర్క్యూట్ మీద చేతనైనంత వేగంగా నడుపుకోవచ్చు. ఇంకో రుసుము కడితే పక్క సీట్లో మనిషిని కూడా ఎక్కించుకోవచ్చు. నా పక్క సీట్లో మనిషి శామ్యూల్ అంకుల్. వయసు డెబ్బై రెండు.

రూతాంటీ ఫాయిల్‌లో చుట్టిన ఆమ్లెట్ చపాతీలు, టీ ఫ్లాస్కు తెచ్చి నా చేతికిచ్చారు.

"పదకొండేళ్ళు నన్ను ఎడమ లేన్లోనే తిప్పారు ఈయన. ఇల్లంత బండిని లాక్కెళ్ళే కారవాన్లు కూడా మమ్మల్ని దాటి పోయేవి. ఇప్పుడు రేసంట" అన్నారు.

"రేసు కాదే. ట్రాక్ డే" అన్నారు అంకుల్, కోటు గుండీలు పెట్టుకుంటూ.

"పేరేదైతే ఏంది. కార్తీక్, ఈయన మెడ జాగ్రత్త నాన్నా. మళ్ళీ జీపీ డాక్టరు అపాయింట్‌మెంట్ దొరకాలంటే నా తరం కాదు."

ఈ కారు మొదట అంకుల్‌ది. గుంటూరు నుంచి వచ్చి, మానసిక రోగుల వార్డులో నర్సుగా పనిచేసి, రిటైరైన వారంలోనే ఈ నీలం రంగు కూపే కొన్నారు. రెండు తలుపులు, వెనక చక్రాల డ్రైవు, నేలకు ఆనినంత కిందగా ఉండే సీట్లు. కొన్నారు కానీ ఇంజన్‌ను నిమిషానికి మూడు వేల చుట్ల పైకి ఎప్పుడూ తిప్పలేదు. ఎండ పడకుండా పెట్టుకునే అట్ట మీది ప్లాస్టిక్ కాగితం ఇప్పటికీ ఒలవలేదు, నన్నూ ఒలవనివ్వలేదు. రెండేళ్ళ క్రితం కళ్ళ డాక్టరు ఇక నడపొద్దన్నాడు. చూపు మధ్యలో మచ్చ పడింది. ఎదురుగా ఉన్నది కనపడదు, పక్కన ఉన్నది కనపడుతుంది. నా ముఖం చూడాలంటే నా భుజం అవతలికి చూస్తారు. లైసెన్సు తిరిగి పంపించేసి, అంతకుముందు వాళ్ళ మేడ మీది గదిలో అద్దెకున్న నాకు కారు అమ్మారు. అప్పటి నుంచి అది బ్రాక్‌నెల్‌లో మా ఫ్లాట్‌కీ ఆఫీసుకీ మధ్య తిరుగుతోంది.

ట్రాక్ డే బుక్ చేశానని చెప్పినప్పుడు ఆయన అడిగింది ఒకటే.

"పక్క సీటు ఖాళీయేనా? ఆ కార్లో కూర్చుని ఒక్కడంటే ఒక్కణ్ణి దాటాలిరా నేను. అంతే. ఇంకేం అడగను."

అదెంత పని అనుకున్నాను.

ఆరింటికి బయలుదేరి ఎమ్ వన్ మోటర్‌వే ఎక్కాం. శనివారం కాబట్టి రోడ్డు ఖాళీగా ఉంది. దారి పక్క సర్వీసెస్‌లో, పెట్రోలు బంకు దగ్గర ఆగి ట్యాంకు నింపాను. ట్రాక్ మీద పెట్రోలు మంచినీళ్ళలా తాగుతుందని చదివాను. ఇంటికి తిరిగి రావాల్సింది కూడా ఈ కారే కదా. టీ తాగుతూ అంకుల్‌కి నా జాబితా వినిపించాను: చక్రాల నట్లు బిగించాను, బ్రేక్ ఆయిల్ కొత్తది పోయించాను, లాగడానికి పనికొచ్చే కొక్కెం ముందు బంపర్‌కి తగిలించాను, మామూలు ఇన్సూరెన్సు ట్రాక్ మీద చెల్లదు కాబట్టి గుద్దితే సోమవారం నుంచి నేను బస్సులో ఆఫీసుకు వెళ్తాను.

"నువ్వు నడపడానికి పోతన్నావా, ఆపరేషన్‌కి పోతన్నావా?" అన్నారు అంకుల్.

ఏడున్నరకి నార్తాంప్టన్ అవతల ఉన్న సర్క్యూట్‌కి చేరాం. యుద్ధకాలం నాటి విమానాల రన్‌వే మీద వేసిన ట్రాక్ అది. తొలిసారి వెళ్ళేవాళ్ళు ఇలాంటిదే ఎంచుకోండి. దారి తప్పితే గోడ ఉండదు, గడ్డి ఉంటుంది. కార్లు నిలిపే చోట చాలామంది ట్రెయిలర్ల మీద కార్లు తెచ్చి, జాకీలు పెట్టి చక్రాలు మారుస్తున్నారు. రోడ్డు టైర్లు తీసి, గాడులు దాదాపు లేని నున్నటి టైర్లు వేస్తున్నారు. నాకు మార్చడానికి వేరే చక్రాలు లేవు. వానలో ఆఫీసుకు వెళ్ళడానికని నిరుడు కొన్న లోతైన గాడుల టైర్లే ఉన్నాయి.

మా పక్కన నారింజ రంగు కారు తెచ్చిన హెలెన్ అనే ఆవిడ వాటిని వంగి చూసింది. యాభై ఏళ్ళుంటాయి, పశువుల డాక్టరు.

"మంచి టైర్లే. సూపర్‌మార్కెట్‌కి వెళ్తున్నారా?" అంది.

"తిరిగి వెళ్ళేటప్పుడు పాలు కొనాలి" అన్నాను. నవ్వి, తన రెంచి నా చేతిలో పెట్టి, నట్లు ఇంకోసారి చూసుకోమంది.

ఎనిమిదింటికి శబ్ద పరీక్ష. ఒకతను పొగగొట్టం దగ్గర మీటరు పట్టుకుని, ఇంజన్‌ను అయిదు వేల దగ్గర నిలపమన్నాడు. నేను యాక్సిలరేటర్ తొక్కాను. కారు గొంతు బొంగురు నుంచి సన్నని కేకగా మారింది. అంకుల్ తల పక్కకు వంచి వింటున్నారు. స్విచ్ ఆఫ్ చేశాను.

"పదకొండేళ్ళు నా దగ్గరుండి ఒక్కసారన్నా నోరు తెరవలేదు చూడు ఇది" అన్నారు.

ఎనిమిదిన్నరకి బ్రీఫింగ్. జెండాల రంగులు, వాటి అర్థాలు, ట్రాక్ మీదికి వెళ్ళే దారి, వచ్చే దారి. చివర్లో దాటే పద్ధతి చెప్పారు. ఆ రోజు నియమం ప్రకారం తిన్నని దారుల్లోనే దాటాలి, రోడ్డు మీద లాగే కుడి వైపు నుంచే దాటాలి. అదీ ముందున్నవాళ్ళు ఎడమ ఇండికేటర్ వేసి, పక్కకు జరిగి దారిస్తేనే. వాళ్ళు వెయ్యకపోతే ఎంత వేగంగా వచ్చినా వెనకే ఉండాలి. ఎవరైనా దగ్గరగా వస్తే మనమూ అలాగే దారివ్వాలి.

అంకుల్ నా మోచేతి మీద తట్టారు. "అంటే వాళ్ళు దయ తలిస్తేనే దాటాలంటాడు?"

"అవునంకుల్."

"మనం నెమ్మదిగా పోతే?"

"అందరికీ దారివ్వాలి."

"ఆ పని పదకొండేళ్ళు చేశాగా" అన్నారు.

తొమ్మిదింటికి ట్రాక్ తెరిచారు. ఎప్పుడు కావాలంటే అప్పుడు వెళ్ళి, అలసిపోతే తిరిగి రావచ్చు. హెల్మెట్లు పెట్టుకుని బయలుదేరాం. మొదటి మలుపులో నేను అనుకున్న చోట బ్రేక్ వేస్తే, మలుపు రావడానికి ఇంకా చాలా దూరం ఉంది. రెండో రౌండులో కొంచెం ఆలస్యంగా, మూడో రౌండులో ఇంకొంచెం. కారు ముక్కు లోపలికి తిరగడం, బరువంతా బయటి చక్రాల మీదికి ఒరగడం, వెనక భాగం నడుము కింద కదలడం ఒక్కొక్కటే తెలుస్తున్నాయి. రెండేళ్ళుగా రౌండబౌట్లలో నడిపిన కారు ఇదేనా అనిపించింది. ముఖం మీద నవ్వు పోవడం లేదు.

అయితే అద్దంలో ఎప్పుడూ ఎవరో ఒకరు ఉంటున్నారు. నేను ఎడమ ఇండికేటర్ వేస్తాను, వాళ్ళు కుడి పక్క నుంచి ఝామ్మని పోతారు. హెలెన్ నారింజ కారయితే రెండుసార్లు దాటింది, రెండుసార్లూ చెయ్యి ఊపింది.

"ఏందిరా, పెళ్ళి పందిట్లో పెళ్ళికూతురు అన్నలాగా అందర్నీ ముందు కూర్చోబెడతన్నావ్" అన్నారు అంకుల్.

"నేర్చుకుంటున్నానంకుల్."

"నేర్చుకో నాన్నా, నేర్చుకో. అదిగో, ఇంకోడొచ్చాడు. వాడికీ వడ్డించు."

ఆయన కాళ్ళు మాత్రం ప్రతి మలుపు ముందూ లేని బ్రేక్‌ను తొక్కుతూనే ఉన్నాయి.

ఆరేడు రౌండ్ల తర్వాత ఒక రౌండు నెమ్మదిగా తిరిగి, బ్రేకులు చల్లారనిచ్చి బయటికి రావాలి. ఆపాక హ్యాండ్‌బ్రేక్ వెయ్యకూడదు. వేడి మీద ప్యాడ్లు డిస్కుకి అతుక్కుంటాయి. గేరులో పెట్టి వదిలెయ్యాలి. ఇది చెప్పినా అంకుల్ చెయ్యి లివర్ మీదికి వెళ్ళింది. పట్టుకుని ఆపాను.

"హ్యాండ్‌బ్రేక్ వెయ్యకుండా కారు దిగటం నా వల్ల కాదు. ఒళ్ళు జలదరిస్తంది" అని, చక్రం కింద పెట్టడానికి ఇటుకముక్క కోసం వెతికారు.

భోజనానికి ముందు ఇంకో రెండుసార్లు వెళ్ళాం. వేగం పెరిగింది. మమ్మల్ని దాటేవాళ్ళు తగ్గారు. అయినా మేము ఒక్కరినీ అందుకోలేదు. ఒంటిగంటకి చపాతీలు తింటూ ఉంటే ఆకాశం నల్లబడింది. రెండింటికి చినుకులు మొదలై, పావుగంటలో కార్ల పైకప్పులు దరువెయ్యసాగాయి. చాలామంది ట్రెయిలర్లకు తాళ్ళు బిగించేసుకున్నారు. హెలెన్ తన వ్యాను వెనక తలుపు కింద నిలబడి, నున్నటి టైర్ల వంక చూసుకుంటోంది.

అంకుల్ ఫ్లాస్కు మూత బిగించారు. "పోదాం పా కార్తీక్. చాలా బాగుంది ఇవాళ. సోమవారం నువ్వు ఆఫీసుకి పోవాల్సింది దీంట్లోనే. ఏమన్నా అయితే నేను మొహం చూపించలేను."

మళ్ళీ వద్దామని ఆయన అనలేదు. నేనూ అనలేకపోయాను. కిందటి నెల డాక్టరు చూసి, పక్క చూపు కూడా సన్నగిల్లుతోందని చెప్పాడట. ఆ మాట ముందురోజు రాత్రి నేను వాళ్ళింటికి చేరినప్పుడు రూతాంటీ వంటింట్లో చెప్పారు.

నేను కారు చుట్టూ తిరిగి, ప్రతి టైరు గాడిలోనూ వేలు పెట్టి చూశాను. నీళ్ళను పక్కకు చిమ్మడానికే చేసిన గాడులు. ఏడాదిగా వీటి మీద నేను నడిపిందంతా ఈ దేశపు వానలోనే. నాకు తెలిసిన డ్రైవింగ్ ఏదైనా ఉంటే అది ఇదే.

"అంకుల్, హెల్మెట్ పెట్టుకోండి" అన్నాను.

ట్రాక్ మీద ఎవరూ లేరు. వానలో నడపడానికి చదివిన సూత్రం ఒకటుంది: పొడిగా ఉన్నప్పుడు అందరూ వెళ్ళిన దారిలో వెళ్ళకూడదు. అక్కడ రబ్బరు పూసుకుపోయి, తడిస్తే నూనె రాసిన పెనంలా ఉంటుంది. నేను మలుపుల్లో బయటి అంచు పట్టుకుని తిరిగాను. స్టీరింగ్ మెల్లగా, బ్రేక్ మెల్లగా, యాక్సిలరేటర్ మెల్లగా. కారు పట్టు వదల్లేదు. రెండు రౌండ్లు ఒంటరిగా తిరిగాం.

"బాగానే పోతంది కానీ, దాటటానికి మనిషే లేడే" అన్నారు అంకుల్.

మూడో రౌండులో, కార్లు నిలిపే చోటు నుంచి నారింజ కారు అవే నున్నటి టైర్లతో ట్రాక్ మీదికి వచ్చి మాకు చాలా ముందు చేరింది. ప్రతి మలుపుకీ దగ్గరవుతున్నాం. ఆమె తొక్కినప్పుడల్లా వెనక చక్రాలు పక్కకు జారుతున్నాయి, ఆమె సర్దుకుంటోంది. ఒక రౌండు తిరిగేసరికి ఆమె చక్రాలు చిమ్మే నీళ్ళు మా అద్దం మీద పడుతున్నాయి.

"ఎవురన్నా ఉన్నారా ముందు?"

"హెలెన్ ఉంది."

"ఇండికేటర్ వేసిందా?"

"ఇంకా లేదు."

ట్రాక్ వెనక వైపు తిన్నని దారి వచ్చింది. వెయ్యలేదు. చివరి మలుపు తిరిగాం. వెయ్యలేదు. ముందు వైపు తిన్నని దారిలోకి వచ్చాం.

"వేసిందా?"

నీళ్ళ తెర వెనక ఎడమ పక్కన పసుపు దీపం వెలిగి ఆరింది. మళ్ళీ వెలిగింది.

"వేసిందంకుల్."

కుడికి జరిగి మూడో గేరులో తొక్కాను. ముల్లు నాలుగు వేలు, అయిదు, ఆరు దాటింది. పొద్దున మీటరు ముందు విన్న కేక ఇప్పుడు కారంతా నిండింది. అంకుల్ తల తిప్పలేదు. తిప్పితే కనపడదని ఆయనకు తెలుసు. తిన్నగా ముందుకే చూస్తూ, ఎడమ అరచేతిని కిటికీ అద్దానికి ఆనించారు.

"వచ్చింది" అన్నారు. "నారింజ రంగు. వచ్చింది... పక్కకొచ్చింది... చెయ్యి ఊపతందిరా... పోయింది. ఎనక్కి పోయింది."

మలుపు కోసం బ్రేక్ వేశాను. ఆయన పాదాలు ఈసారి కదల్లేదు.

ఇంకో రౌండు నెమ్మదిగా తిరిగి బయటికొచ్చేశాం. హెలెన్ వచ్చి కిటికీ దగ్గర వంగి, "ఆ సూపర్‌మార్కెట్ టైర్లు ఎక్కడ కొన్నారో చెప్పండి" అంది. అంకుల్ ఆమె భుజం అవతలికి చూస్తూ రెండు చేతులూ పట్టుకుని థాంక్స్ చెప్పారు. ఎందుకంత గట్టిగా పట్టుకున్నారో ఆమెకు తెలియదు.

నాలుగుంపావుకి బయలుదేరాం. వెళ్ళాలనుకునేవాళ్ళకి నేను చెప్పగలిగింది ఇంతే: చక్రాలు మార్చుకోవడానికి లేకపోయినా, ట్రెయిలర్ లేకపోయినా వెళ్ళండి. రోజూ నడిపే కారు మనకు రోజూ ఏదో నేర్పే ఉంటుంది, అక్కడ తెలుస్తుంది. ఎమ్ వన్ మీద వాన ఇంకా పడుతూనే ఉంది. రూతాంటీ అంకుల్‌కి ఫోన్ చేశారు. ఆయన స్పీకర్లో పెట్టారు.

"మెడ ఎట్టా ఉంది?"

"ఉంది. దాటాం."

"ఎవుర్ని?"

"పశువుల డాక్టర్ని."

"పాపం, ఏ గొడ్డుకి బాగోలేదని పోతందో ఏందో. దాటకపోతే ఏం పోయింది మీకు?" అన్నారు ఆంటీ. తర్వాత, "దాటేటప్పుడు ఎట్టా ఉంది?" అని మెల్లగా అడిగారు.

"ఇంటికొచ్చి చెప్తాలే. పొడుగు కథ" అన్నారు అంకుల్.

ల్యూటన్ దాటాక ఎడమ లేన్లో మా ముందు ఒక కారవాన్ కనపడింది. వానకు భయపడి మరీ నెమ్మదిగా పోతోంది. నేను అద్దంలో చూసి కుడి ఇండికేటర్ వేశాను. ఆ చప్పుడు విని అంకుల్ నా చేతి మీద చెయ్యి వేశారు.

"ముందున్నవాడు ఇండికేటర్ వేశాడా?"

"లేదంకుల్."

"మరి?"

ఇండికేటర్ తీసేశాను. స్టాన్‌మోర్ ఎగ్జిట్ వచ్చేదాకా ఆ కారవాన్ వెనకే వచ్చాం.