మూడో రౌండుకు చేతులు మిగలాలి

కోవిడ్ ఆంక్షలు పూర్తిగా ఎత్తేసిన మరుసటి ఏడాది, శీతాకాలం మొదట్లో నేను న్యూజిలాండ్‌లో, దక్షిణ ఆక్లండ్‌లోని పాపటోయిటోయిలో ఒక క్లినిక్‌లో సీనియర్ ఫిజియోథెరపిస్టుగా చేరాను. అంతకుముందు చాలాకాలం క్రైస్ట్‌చర్చ్‌లో, ఆసుపత్రి ఎముకల విభాగంలో పనిచేశాను. అక్కడ నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది తుంటి మార్పిడి చేయించుకున్న పెద్దవాళ్లు. పాపటోయిటోయిలో గోదాముల్లో పెట్టెలు మోసేవాళ్లు, ఎయిర్‌పోర్టులో సామాను ఎత్తేవాళ్లు, నర్సులు వచ్చేవారు. బాక్సింగ్ కోసం వచ్చిన మొదటి మనిషి సుజాత. పేరు మార్చి రాస్తున్నాను.

సుజాతది ఏలూరు దగ్గర ఊరు. నలభై దాటిన మనిషి. ఒక రెస్ట్ హోమ్‌లో, అంటే వృద్ధుల సంరక్షణ నిలయంలో, నర్సు. అక్కడ చక్రాల కుర్చీలతో సహా పెద్దవాళ్లను బయటికి తీసుకెళ్లే వ్యాన్ మూలపడింది. కొత్తదాని కోసం విరాళాల బాక్సింగ్ పోటీలో తమ తరఫున ఒకరిని దింపాలనుకున్నారు. ఇలాంటి పోటీలు ఇక్కడ మామూలే. ఎన్నడూ గ్లోవ్స్ తొడగని టీచర్లు, ఆఫీసు ఉద్యోగులు కొన్ని వారాలు శిక్షణ తీసుకుని, తలకు రక్షణ కట్టుకుని ఒక్కసారి రింగులోకి దిగుతారు. మూడు రౌండ్లు, ఒక్కోటి రెండు నిమిషాలు. ఎవరు దిగుతారని మేనేజరు అడిగితే సుజాత చెయ్యెత్తింది.

"ఇన్నేళ్లూ ఇంట్లోవాళ్ల పనో, హోమ్‌లోవాళ్ల పనో చేస్తానే ఉన్నానండి. ఇది నాకోసం," అంది మొదటిరోజు. భర్త ప్రసాద్ కూడా వచ్చాడు. ఆమె సమస్య నొప్పి కాదు. "ఫస్ట్ రౌండు బానే ఉంటదండి. రెండోదాంట్లో చేతులు బరువెక్కుతాయి. మూడోదాంట్లో ఇక నా చేతులే కావన్నట్టు జారిపోతాయి."

బాక్సింగ్‌లో రెండు చేతులూ గడ్డం దగ్గర అడ్డుగా నిలపడాన్ని గార్డ్ అంటారు. అది జారితే ముఖం ఎదుటివాళ్లకు దొరికిపోతుంది. మూడో రౌండు దాకా గార్డ్ నిలవకపోతే రింగులోకి పంపనని ఆమె కోచ్ తేల్చి చెప్పాడట. అతను పెట్టే ఆఖరి పరీక్షకు మూడు వారాల గడువు ఉంది. ఆమె తప్పుకుంటే రెస్ట్ హోమ్‌కు మరో మనిషి లేడు.

భుజం కదలికలు చూశాను. కీలును పట్టి ఉంచే చిన్న కండరాలను ఒక్కోదాన్నీ నా చేత్తో అడ్డుకుంటూ పరీక్షించాను. చిరుగు లేదు, వాపు లేదు, కేవలం అలసట. వ్యాయామం ఎలా చేస్తున్నారని అడిగితే ఉత్సాహంగా చెప్పింది. జిమ్‌కు వెళ్లిన ప్రతిరోజూ ముందు బెంచ్ ప్రెస్, తర్వాత షోల్డర్ ప్రెస్, ఆ తర్వాత డంబెల్స్, ఇక ఎత్తలేనన్నంత వరకు. వెంటనే గ్లోవ్స్ తొడిగి బాక్సింగ్.

"బలం పెరిగితే దెబ్బ పెరుగుద్ది కదండీ," అంది.

బరువులు తోసేటప్పుడు భుజం ముందు కండరమూ మోచేతి వెనక కండరమూ పనిచేస్తాయి. గార్డ్ నిలిపేవి, పంచ్ విసిరేవి కూడా అవే. వాటిని ముందే పిండేసి ఆమె బాక్సింగ్‌కు దిగుతోంది. పైగా దెబ్బలో బలం చాలావరకు కాళ్ల నుంచి, నడుము నుంచి వస్తుంది. అందుకని పద్ధతి మార్చాను. బాక్సింగ్ ఉన్న రోజు చేతులతో తోసే బరువులు వద్దు. రెండూ ఒకేరోజు తప్పకపోతే బాక్సింగ్ ముందు, బరువులు తర్వాత, అవి కూడా కాళ్లకే. చేతుల బరువులకు విడిగా ఒక రోజు, మర్నాడు విశ్రాంతి. ఆ రోజు కూడా వీపుకు పనిచెప్పే లాగుడు వ్యాయామాలు ఎక్కువ చేయాలి, ఇంకా రెండు మూడు సార్లు ఎత్తగలననిపించగానే ఆపేయాలి.

"ఇట్టా మానేస్తే ఉన్న బలం కూడా పోద్దేమోనండి."

మూడు వారాల్లో ఎక్కడికీ పోదని చెప్పాను. ప్రసాద్ నాకు సాయం రాబోయి, ఇంట్లో డంబెల్స్ దాచేస్తానన్నాడు. ఆమె ఒక చూపు చూసింది. "దాచనులే, గరాజ్‌లో పెడతా," అని సర్దుకున్నాడు.

రెండో వారం ఫలితం వింతగా వచ్చింది. సోమవారం మూడు రౌండ్లూ చేతులు నిలిచాయి. గురువారం రెండో రౌండుకే పడిపోయాయి. బరువుల విషయంలో ఆమె నా మాట తు.చ. తప్పకుండా పాటించింది. ప్రసాద్ సాక్ష్యం కూడా చెప్పాడు. కారణం నాకు అంతుపట్టక, మరుసటి గురువారం సాయంత్రం నేనే బాక్సింగ్ జిమ్‌కు వెళ్లాను.

అది ఒకప్పుడు కార్లకు సొట్టలు తీసిన షెడ్డు. కోచ్ నారాయణ్ ఫిజీ నుంచి వచ్చినవాడు. ముత్తాతలది తెలుగు నేల, నాయనమ్మ దగ్గర విన్న కొన్ని మాటలు తప్ప అతనికి తెలుగు రాదు. సుజాత అతని చేతి ప్యాడ్లను కొడుతుంటే పక్కన నిలబడి చూశాను. భుజాలు చెవుల దాకా లేచి ఉన్నాయి. గ్లోవ్స్‌లో పిడికిళ్లు ఒక్క క్షణం కూడా వదులు కావడం లేదు. నారాయణ్ "రిలాక్స్, రిలాక్స్" అంటూనే ఉన్నాడు. భయపడకు అని ధైర్యం చెబుతున్నాడని ఆమె అనుకుందట.

"దెబ్బ తగిలే క్షణంలోనే పిడికిలి బిగించండి. మిగతాసేపు గుడ్డు పట్టుకున్నట్టు వదులుగా ఉంచండి," అన్నాను. కొంత తేడా వచ్చింది. కానీ అలసట అలాగే ఉంది. అప్పుడు అడిగాను, పొద్దున్నుంచీ ఏం చేశారని.

"డ్యూటీనండి. గురువారం షవర్ డే కదా."

షవర్ డే అంటే పెద్దవాళ్లకు వరసగా స్నానాలు చేయించే రోజు. మనుషులను పక్కకు తిప్పడం, కాళ్లు ఎత్తి పట్టుకోవడం, దుప్పట్లు లాగడం, చేతులు పైకెత్తి తలలు రుద్దడం. మధ్యాహ్నం దాకా అదే పని.

"ఇది ముందే చెప్పలేదేం?"

"అది పని కదండీ. ఎక్సర్‌సైజ్ అంటే జిమ్‌ది చెప్పాను."

భుజానికి ఆ తేడా తెలియదు. ముగ్గురం జిమ్‌లోని తెల్లబోర్డు ముందు నిలబడి ఆమె డ్యూటీలతో సహా వారమంతా మళ్లీ రాశాం. షవర్ డే అంటే చేతుల బరువుల రోజే అని లెక్క వేశాం. ఆ రోజు మరో బరువు లేదు, బాక్సింగ్ లేదు. తోటి నర్సు ఒకావిడ పోటీకి ముందు వచ్చే షవర్ డే తను మార్చుకుంటానంది, ముందు వరసలో సీటు ఇప్పిస్తే.

ఆఖరి పరీక్షలో నారాయణ్ ఆమెను మూడు రౌండ్లూ వదలకుండా ఆడించాడు. చివరి గంట కొట్టేసరికి చేతులు గడ్డం దగ్గరే ఉన్నాయి. "బాగుంది, పో," అన్నాడు నాయనమ్మ తెలుగులో. రింగుకు వెళ్లొచ్చని అతని ఉద్దేశం. తరిమేస్తున్నాడనుకుని సుజాత ఒక్క క్షణం తెల్లబోయి, తర్వాత పకపకా నవ్వింది.

పోటీ శనివారం సాయంత్రం ఒక క్లబ్ హాల్లో జరిగింది. రెస్ట్ హోమ్ పెద్దవాళ్లు చక్రాల కుర్చీల్లో ముందు వరసంతా ఆక్రమించారు. ఆడవాళ్లకు ఈ గుద్దులాటేమిటని అంతకుముందు ప్రసాద్‌ను నిలదీసిన వాళ్ల చర్చి ఆంటీలు స్టీలు డబ్బాల్లో పులిహోరతో హాజరయ్యారు. వాళ్లలో ఒకావిడ మొదటి రౌండంతా కళ్లు మూసుకునే ఉంది. మూసుకోవడమే నయమైంది, ఎందుకంటే దెబ్బలన్నీ సుజాతే తింది. ప్రత్యర్థి ఫ్లాట్ బుష్ అనే పేట వైపు ఇళ్లు అమ్మిపెట్టే ఏజెంటు, పొడవైన కివీ యువతి. చేతుల కండలు దూరానికే కనిపిస్తున్నాయి.

రెండో రౌండు సమానంగా నడిచింది. మూడో రౌండు సగంలో ఆ అమ్మాయి గ్లోవ్స్ గడ్డం నుంచి మెల్లగా ఛాతీ దాకా దిగాయి. సుజాత అది చూసింది. ఆమె కుడిచేయి మూడుసార్లు తిన్నగా వెళ్లి తగిలింది. కళ్లు మూసుకున్న ఆంటీ లేచి నిలబడి "ఇంకోటి వెయ్యమ్మా" అంది. గంట మోగాక జడ్జీలు ఆమెవైపే మొగ్గడంతో రిఫరీ సుజాత చెయ్యి పైకెత్తాడు. ఫోన్లో వీడియో తీస్తున్న ఆమె కూతురు "మమ్, యూ యాక్చువల్లీ వన్" అంటూ తీయడం మర్చిపోయింది.

మరుసటి వారం ఆ ఏజెంటు అమ్మాయే క్లినిక్‌కు వచ్చింది. సుజాతే పంపిందట. ఆమె బరువుల పద్ధతిలో నాకు తప్పేమీ కనబడలేదు. పోటీ రోజు పగలు ఏం చేశావని అడిగాను. శనివారం ఓపెన్ హోమ్స్, అంటే అమ్మే ఇళ్లను జనం వచ్చి చూసుకునే వేళలు, ఉంటాయి కాబట్టి పొద్దున్నుంచీ పచ్చికలో "అమ్మకానికి" బోర్డులు సుత్తితో పాతుతూ తిరిగానంది.

అలసటను జిమ్ గుమ్మం దగ్గర్నుంచి కాక, మనిషి నిద్రలేచిన దగ్గర్నుంచి లెక్క వేయాలని ఆ ఇద్దరి వల్ల నేర్చుకున్నాను. రిటైరయ్యేదాకా కొత్త పేషెంటును భుజం ముట్టుకోకముందే ఒక ప్రశ్న అడిగేదాన్ని: "ఇక్కడికి వచ్చేలోపు ఇవాళ ఏమేం ఎత్తారు?"