పైడితల్లి బండీ, చెత్త వేలమూ

పైడితల్లి మా వీధిలోకి వస్తోందంటే ముందు గొంతు వచ్చేది, తర్వాత బండి, ఆ తర్వాత మనిషి. పంచాయతీవారి ఒంటెద్దు బండి అది. ఆ ఎద్దుకీ ఆమెకీ ఒక్కరోజూ పడేది కాదు. అది నడవకపోతే దాని ఏడు తరాలనీ తిట్టేది, నడిస్తే తన తిట్ల మహిమే అనుకునేది. మొగుడు పోయాక అతను చేసే పని ఆమెకిచ్చారు. ఆడది బండి తోలడమేమిటని ఊళ్ళో కొందరు ముక్కున వేలేసుకున్నారు. అలా వేలేసుకున్నవాళ్ళెవరూ ఆ చెత్తబండి తామే తోలుతామని మాత్రం ముందుకు రాలేదు.

చోడవరానికి కొత్తకోడలిగా వచ్చిన నాకు మొదటి స్నేహితురాలు ఆవిడే. మా అత్తగారు అచ్చియ్యమ్మగారు పూజలో ఉన్నప్పుడు నేను అరుగు మీదా, పైడితల్లి వీధిలోనూ నిలబడి కబుర్లాడుకునేవాళ్ళం. ఎవరింట్లో ఏం వండుకున్నారో చెత్త చూసి చెప్పేది. ఎవరింట్లో వండుకోలేదో మాత్రం నేను అడిగినా చెప్పేది కాదు. అందుకే ఆవిడంటే నాకంత ఇష్టం.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తలో మా పంచాయతీ పెద్దలకు ఒక గొప్ప ఆలోచన తట్టింది. సత్యారావనే కంట్రాక్టరు వచ్చి, ఊరి చెత్త తనకు వేలంలో ఇచ్చేయమన్నాడు. తుడవడం, ఎత్తడం తన మనుషులే చేస్తారు. ఆ చెత్తని గోతుల్లో మాగబెట్టి చెరుకు రైతులకు గత్తంగా, అంటే ఎరువుగా, అమ్ముకుంటాడు. పైగా పంచాయతీకే ఎదురు డబ్బిస్తాడు. ఇంకేం, పెద్దలందరికీ నోరూరింది. మరి పైడితల్లి సంగతేమిటని ఒకాయన అడిగాడట. బండి తోలే ఆడమనిషి తనకక్కర్లేదన్నాడట కంట్రాక్టరు. ఒక నెల చూసి ఖాయం చేద్దామనీ, అంతవరకూ ఆమెని ఇంటిదగ్గరే ఉండమనీ తీర్మానించారు.

ఆమెకు చూపు ఆనని అత్త ఉంది, చిన్నమ్మి అనే కూతురు ఉంది. ఆ జీతం మీదే ముగ్గురి కూడూ. పోనీ పొలం పనికి వెళ్ళకూడదా అని తెలివితక్కువగా అడిగాను.

"వీది తుడిసే మనిసిని కలుపుకెవులు పిలుస్తారమ్మా?" అంది. ఆ మాట కోపంగా అన్నా బాగుండేది. చాలా మామూలుగా అంది.

అసలు తమాషా ఆ తర్వాత మొదలైంది. చెత్తకి ఎవడో డబ్బిస్తున్నాడన్న కబురు పొక్కగానే ఊరికి ఎక్కడలేని తెలివీ వచ్చేసింది. చెరుకు పండించే ఊరు మాది, గత్తం విలువ తెలియని గడప లేదు. వీధిలో పారేసినన్నాళ్ళూ అది చెత్త, కొనేవాడు రాగానే ఆస్తి. అందరికన్నా ముందు మేలుకున్నది మా అత్తగారే.

"పొయ్యిలో బూడిద కూడా గుమ్మం దాటడానికి వీల్లేదు కోడలా. ఊరికే ఎవడికో ఇచ్చేస్తామేటి?" అన్నారు.

పెరట్లో గొయ్యి తవ్వించారు. పేడ, బూడిద, తిన్న విస్తళ్ళు అన్నీ స్వయంగా చేతులతో ఎత్తి అందులో వేసేవారు. మా అరటి దొప్పలు రెండు పక్కింటి మంగాయమ్మగారి కుప్పలో కనిపించాయని ఇద్దరూ మాటలు మానేశారు. ఊరంతా ఇదే వరస. పెళ్ళి నగలకి కూడా అంత కాపలా ఉండదు. కంట్రాక్టరు మనుషులకి వీధుల్లో దొరికినవి కుండపెంకులూ, గాజుముక్కలూ, చిరిగిన చాపలూ. గత్తానికని వస్తే ఈ పెంకులేమిటని సత్యారావు తిట్టుకుంటూ, నెల నిండకుండానే చెప్పకుండా పోయాడు.

ఈలోగా వానలు పడ్డాయి. కుప్పలు కుళ్ళి, ఏ పెరట్లో చూసినా ఈగలే. అన్నం కంచం మీద ఒక చెయ్యి ఆడిస్తూ రెండో చేత్తో తినేవాళ్ళం. పిల్లలకి విరేచనాలు పట్టుకున్నాయి. అప్పటికిగానీ మా ఆస్తి మీద మాకు విరక్తి కలగలేదు.

పంచాయతీ సమావేశానికి ఊరు ఊరంతా వచ్చింది. వేలం రద్దయిందనీ, పైడితల్లి రేపటినుంచి బండి కట్టవచ్చనీ ప్రెసిడెంటుగారు వరమిచ్చినట్టు చెప్పారు. ఆమె చేతులు జోడిస్తుందనుకున్నాం. ఆమె వాకిట్లో నిలబడే ఉంది.

"వత్తాను బాబూ. కానొక్క మాట. ఇన్నాళ్ళూ మీ సెత్త మీ సేతుల్తోనే ఎత్తి దాసుకున్నారు. ఎవుల సేతులూ పాడైపోనేదు. ఇక మీద అరుగు మీంచి నా మీదకి ఇసరకండి. గుమ్మం దిగొచ్చి నా బుట్టలో ఎయ్యండి. నేకపోతే నాను రాను."

ఆమె అన్నది అక్షరాలా నిజం. దగ్గరికి వస్తే ఎక్కడ తగులుతుందోనని, ఇల్లాళ్ళు అరుగు మీదనుంచే చేటతో విసిరేవారు. సగం బుట్టలో పడేది, సగం ఆమె తలమీద. ఆమె దులుపుకుని పక్కింటికి వెళ్ళేది. ప్రెసిడెంటుగారు గొంతు సవరించుకుని, అది ఎవరిష్టం వారిదనీ, తానెవరికీ చెప్పలేననీ అన్నారు. పైడితల్లి వెనుదిరిగి వెళ్ళిపోయింది. నాకు ఆ పెద్దమనుషుల మీద ఒళ్ళు మండిపోయింది, ఆమె గురించి భయమూ వేసింది. ఈ పని కూడా పోతే చిన్నమ్మికి కూడెవరు పెడతారు?

మర్నాడు పొద్దున్నే బండి వచ్చింది. ఆమె చీపురు పట్టలేదు. మా ఇంటి ముందు బండి ఆపి, ఖాళీ బుట్ట నడుముకి ఆనించుకుని నిలబడింది. వీధి పొడుగునా ఇల్లాళ్ళు గుమ్మాల్లోకి వచ్చారు, దిగలేదు. అందరూ మా ఇంటివైపే చూస్తున్నారు. నేను చెత్త తట్ట ఎత్తుకుని మెట్టు దిగబోయాను. అత్తగారు వెనకనుంచి వచ్చి నా చేతిలోంచి లాక్కున్నారు.

ఆవిడ మోకాళ్ళు పట్టుకుంటూ, సణుక్కుంటూ, మూడు మెట్లూ దిగారు. తట్ట వంచుతుంటే బుట్ట ఒరిగింది. పైడితల్లి రెండు చేతులా పట్టుకున్నా అది నిలవలేదు. అత్తగారు ఆ చేతుల మీదే చెయ్యి వేసి బుట్టని నిలబెట్టారు.

"సరిగ్గా పట్టుకోవే, ఒలికిపోతంది," అని కసిరారు.

మంగాయమ్మగారు కూడా మెట్లు దిగడం అప్పుడు చూశాను. తర్వాత ఎవరు దిగారో, ఎవరు దిగలేదో నేను చూడలేదు. గబగబా లోపలికి వెళ్ళి అత్తగారి స్నానానికి నీళ్ళు తోడాను. పైడితల్లిని ముట్టుకున్నాక తలమీద నీళ్ళు పోసుకోకుండా ఆవిడ ఇంట్లోకి రారు కదా.

అత్తగారు వచ్చి, ఆ నీళ్ళతో చేతులు కడుక్కుని, తిన్నగా వంటింట్లోకి వెళ్ళి పొయ్యి రాజేశారు.