ఖాజా చాచా ఇచ్చిన హెడ్‌ఫోన్లు

దయ్యాల మాటెత్తితే నవ్వే మనిషిని నేను. పైగా తాండూరు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటర్ని. లైన్లు కలిసిపోయి ఎవరెవరివో గొంతులు చెవిలో పడటం నాకు రోజూ ఉండేదే. అందుకే మొదట భయపడలేదు.

ఎనభైల మధ్యనాటి సంగతి ఇది. వికారాబాదు నుంచి రోజూ ప్యాసింజరు బండిలో వెళ్లివచ్చేదాన్ని. మా అన్న దుబాయి నుంచి చేతిలో ఇమిడే టేప్ రికార్డరు తెచ్చిచ్చాడు. పాటలు వింటుంటే దారి తెలిసేది కాదు. కానీ దానితో వచ్చిన హెడ్‌ఫోన్లు రెండు నెలలు కూడా ఆగలేదు. తర్వాత కొన్న జత అంతకన్నా ముందే పోయింది.

తాండూరు స్టేషన్ దగ్గర ఖాజా చాచా రేడియోలు బాగుచేసేవాడు. అరవై ఏళ్లుంటాయి, ఒంటరి మనిషి. ఆయన కొట్టుకెళ్లి, రోజూ బండెక్కి దిగే మనిషిని, గట్టి హెడ్‌ఫోన్లు కావాలి, ధర ఎక్కువ పెట్టలేను అన్నాను.

“స్పాంజివి చూడనికే మంచిగుంటయి బిడ్డా. వైరు పిన్ను కాడ్నే తెగుతది. గక్కడ వంచి చూసి కొనాలె,” అంటూ అల్మారాలోంచి ఒక పాత జత తీశాడు. బరువైనవి, లావు వైరు. “గివి కింద పడ్డా ఏం కావు. తీస్కపో.”

చాలా తక్కువకే ఇచ్చాడు. ఇస్తున్నప్పుడు వాటివైపు చూడలేదు.

నాలుగోరోజు పొద్దున బండి ధారూరు స్టేషను దాటాక, పాట వెనక ఒక ఆడపిల్ల గొంతు వినిపించింది. “అబ్బా, జర పానీ.” నాన్నా, కాసిన్ని నీళ్లు అని ఉర్దూలో.

క్యాసెట్లో పాత రికార్డింగేదో మిగిలిందనుకున్నాను. మర్నాడు వేరే క్యాసెట్ పెట్టాను. అదే గొంతు, అవే మాటలు, కాస్త గట్టిగా.

ఆ మర్నాడు టేపు ఆపేసి, సెల్లులు తీసేసి, ప్లగ్గు పీకి చేతిలో పట్టుకుని కూర్చున్నాను. పట్టపగలు. పెట్టె నిండా జనం. ఆ పిల్ల గొంతు చించుకుని అరిచింది, “అబ్బా! అబ్బా!” అని.

చెవుల మీంచి లాగేశాను. నా ముఖం చూసి పక్కనామె కంగారుపడింది. ఆమెకేమీ వినపడలేదట.

బండి దిగి తిన్నగా చాచా కొట్టుకు వెళ్లి, వాటిలో ఎవరో ఆడపిల్ల పిలుస్తోందని చెప్పాను. నవ్వుతాడనుకున్నాను. చేతిలో పని పక్కన పెట్టేశాడు.

“ఏమని పిలిచింది?”

చెప్పాను.

“నా బిడ్డ,” అన్నాడు. “పన్నెండేండ్లది. అప్పుడు మేం కర్ణాటకల, యాద్గిర్ల ఉంటుంటిమి. జ్వరంతోని లోపలి అర్రల పండుకుంది. నేనేమో గివి చెవులకు పెట్టుకొని రేడియో బాగుచేస్తున్న. సౌండు మస్తు పెట్టిన. తీసి లోపలికి పోయేసరికి తలుపు కాడ పడి ఉంది. మంచం దిగి అక్కడిదాక పాక్కుంట వచ్చింది.”

ఆయనకు ఒక కూతురుండేదని కూడా నాకు అప్పటిదాకా తెలియదు.

హెడ్‌ఫోన్లు నా చేతిలోంచి తీసుకుని పెట్టుకున్నాడు. కళ్లు మూసుకుని, ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు. బయట జట్కాలు, రాళ్ల లారీలు పోతున్నాయి. నేను కదలకుండా నిలబడ్డాను.

“నాకేం వినిపిస్తలేదు,” అన్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు. “కోపంగ పిలిచిందా బిడ్డా?”

“లేదు చాచా. మెల్లగ పిలిచింది. నిద్రల పిలిచినట్టు.”

ఆ అరుపు సంగతి ఎలా చెప్పను? తువ్వాలుతో ముఖం కప్పుకున్నాడు.

వాటిని అక్కడే వదిలేశాను. ఆ తర్వాత ఆ దారిన వెళ్లినప్పుడల్లా ఆయన అవి చెవులకు పెట్టుకునే కనిపించేవాడు. ముందు రేడియో ఉండేది కాదు. ఒకరోజు ఎవరో గిరాకీ కొట్టు ముందు నిలబడి “చాచా, చాచా” అని పిలుస్తున్నాడు. ఆయన తలెత్తలేదు. ఆ వానాకాలంలో కొట్టు మూతపడింది. యాద్గిర్ పోయాడని కొందరన్నారు.

గాలిలో పోయే రేడియో మాటల్ని లావు వైరు పట్టుకుని ఉంటుందని మా ఇంజనీరొకాయన అన్నాడు. కావచ్చు. కానీ ఆ పిల్ల పిలిచింది తండ్రిని. అది నాకు వినిపించి, అంతగా చెవొగ్గిన ఆయనకు ఎందుకు వినిపించలేదో నాకు ఇప్పటికీ తెలియదు.