పూలకు పోయిన మేడం

నా నోటికి మా ఊళ్లో అందరూ భయపడతారు. కమిటీకి నన్ను పెద్దను చేసింది కూడా అందుకే. ఆడపిల్లలకు మాయమాటలు చెప్పి ఎక్కడెక్కడి పనులకో అమ్మేసేవాళ్ల మీద కన్నేసి ఉంచి, అనుమానం వస్తే అధికారులకు చెప్పే కమిటీ అది. పట్నం నుంచి వచ్చిన మేడం మహిళా సంఘం భవనంలో మమ్మల్ని కూర్చోబెట్టి ఒకే మాట పదిసార్లు చెప్పింది: ముందు మాకు ఫోన్ చేయండి, ఇంకెవరికీ చెప్పకండి. మేము తలలూపాం, సమోసాలు తిన్నాం. ఆమె కారు మలుపు తిరగగానే మా పద్ధతి మేం పెట్టుకున్నాం.

మా దిక్కు ఎవరి మీద ఫిర్యాదు చేయాలన్నా ముందు ఆ ఇంటి పెద్దకు కబురు పెడతారు. గెట్టు తగాదా అయినా, కుక్క కరిచినా అంతే. చెప్పకుండా పోలీసుల దగ్గరికి పోయినవాళ్లను మళ్లీ ఎవరూ బొట్టు పెట్టి పెళ్లికి పిలవరు. ఈ మర్యాద ఊరివాళ్లకే, బయటివాళ్లకు కాదు. ఒకసారి ఇద్దరు మనుషులు బండి మీద వచ్చి, ఇంట్లో ఆడపిల్లలు ఎంతమంది, వయసెంత అని అడుగుతుంటే పంచాయతీ ఆఫీసులో పెట్టి గొళ్లెం వేశాం. నేనైతే ఒకడి చెంప కూడా పగలగొట్టాను. పాపం, ఇన్సూరెన్సు కట్టించుకునేవాళ్లట. అయినా నేను వారం రోజులు తల ఎగరేసుకునే తిరిగాను.

ఆ తర్వాత కొన్నాళ్లకు మా ఆడబిడ్డ కూతురి పెళ్లి వచ్చింది. పూల కోసం మా తమ్ముడి పాలీహౌసుకు పోయాను. మొయినాబాద్ దాటి చేవెళ్ల పోయే దారిలో వాడిది గులాబీ తోట. కూలీలను తెచ్చే మేస్త్రీ తాళం తీసి నన్ను లోపలికి పంపి, వెనకనుంచి మళ్లీ తాళం వేసుకున్నాడు. పూలతోటకు తాళమెందుకో అనుకున్నాను. తెల్ల ప్లాస్టిక్ కప్పు కింద ఉడికిపోతున్న వరుసల మధ్య ఒక పిల్ల ఒంటరిగా పూలు కోస్తున్నది. పదమూడేళ్లు ఉంటాయేమో. చేతులకు తొడుగులు లేవు. వేళ్లన్నీ ముళ్లకు చీరుకుపోయి వాచి ఉన్నాయి.

హిందీలో అడిగాను. ఉర్దూ మాటలు మాకు కొత్త కాదు కాబట్టి మాట కలిసింది. ఒడిశాలో ఎక్కడో వాళ్ల ఊరు. బడికి పంపిస్తామని చెప్పి తీసుకొచ్చారట. వచ్చినప్పటి నుంచి ఈ కప్పు కిందే ఉందట, పక్కనున్న రేకుల గదిలో పడుకుంటుందట. అంతా చెప్పి, అమ్మ నంబరు నాకు నోటికి వచ్చు, ఒక్కసారి ఫోన్ ఇవ్వండి అన్నది. ఫోన్ నా చేతిలోనే ఉంది. సరిగ్గా అప్పుడే తమ్ముడు తలుపు తీసుకుని లోపలికి వచ్చాడు. నేను ఫోన్ సంచిలో వేసుకుని, రేపు ఇస్తాను, నిన్ను ఇంటికి పంపిస్తాను అని పిల్ల చెవిలో చెప్పాను. ఆ పిల్ల నమ్మింది. నవ్వింది కూడా.

ఇంటికొచ్చాక అధికారులకు ఫోన్ చేయలేదు. మా పద్ధతి ప్రకారం తమ్ముడికి చేశాను.

"తమ్మీ, ఆ పిల్లను జర వాళ్లింటికి తోలియ్. కమిటీ నా చేతుల ఉన్నది. ఎల్లుండి దాకా చూస్త. అటెన్క ఫోన్ చేస్త."

"గంత దూరం ఎందుకక్క. మేస్త్రీకి చెప్పి పంపిస్త."

"నిజంగ పంపిస్తవా?"

"నీ మాట ఎన్నడన్న కాదన్ననా?"

ఎంత న్యాయంగా నడుచుకున్నానో అని నన్ను నేనే మెచ్చుకున్నాను. ఆ పూట కడుపునిండా తిని పడుకున్నాను కూడా.

మూడో రోజు అధికారులకు ఫోన్ చేసి, వాళ్ల జీపులోనే నేనూ పోయాను. పాలీహౌసు తలుపు బార్లా తెరిచి ఉంది. తాళం జాడ లేదు. మా అవ్వ వయసు ఆడవాళ్లు ఇద్దరు కొత్త తొడుగులు వేసుకుని పూలు కోస్తున్నారు. రేకుల గదిలో ఎరువు బస్తాలున్నాయి. తమ్ముడు అందరికీ చాయ్ పోయించాడు.

ఇక్కడ నిజం చెప్పాలి. పిల్ల లేదని తెలిసినప్పుడు నాకు ముందు ఏడుపు రాలేదు. హమ్మయ్య, తమ్ముడు జైలుకు పోడు అనిపించింది. ఇప్పుడు తలుచుకుంటే నా మొహాన నేనే ఉమ్మేసుకోవాలనిపిస్తుంది.

వాణ్ని పక్కకు పిలిచాను. "పిల్లను యాడికి పంపినవ్‌రా?"

"మేస్త్రీ తీస్కపోయిండు. జన్వాడ దిక్కో, ఇంకా అవతలికో. నాకేం తెలుసు. నువ్వే పంపియ్యమంటివి గద."

మేస్త్రీ పేరు నాకు తెలుసు. వాడి ఇల్లూ తెలుసు. అధికారుల జీపు ఇంకా వాకిట్లోనే ఉంది. నేను చాయ్ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, ఎక్కి కూర్చున్నాను.

కమిటీలో మిగతావాళ్లకు జరిగిందంతా చెప్పాను. తిడతారేమో అనుకున్నాను, తిడితే బాగుండేది. అందరిలోకి పెద్దామె నా భుజం తట్టింది. "ఇంటి దొంగను ఈశ్వరుడన్న పట్టలేడంటరు. నువ్వెంతదానివి బిడ్డ? ఇడిసిపెట్టు." రిజిస్టరులో, అనుమానం వచ్చింది, చూస్తే ఏమీ లేదు అని రాసి అందరం సంతకాలు పెట్టాం.

వానలు మొదలయ్యాక ఒక మధ్యాహ్నం ఆ పిల్ల తల్లి వచ్చింది. మొయినాబాద్ బస్టాండులో ఎవరో మా కమిటీ సంగతి చెప్పారట. తడిసిన చీరతో సంఘం భవనంలో చాప మీద కూర్చుని, కవరులోంచి ఒక ఫోటో తీసి ఇచ్చింది. అది ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి మారి నా దగ్గరికి వచ్చింది. బడి బట్టల్లో చేతులు కట్టుకుని నిలబడ్డ పిల్ల. వేళ్లు నున్నగా ఉన్నాయి.

పిల్ల ఒక్కసారి ఫోన్ చేసిందట. పని దగ్గర ఎవరి ఫోనో దొరికితే అర నిమిషం మాట్లాడి, మొయినాబాద్ దిక్కు ఉన్నానని చెప్పిందట. పూల కోసం వచ్చిన ఒక మేడం నన్ను చూసింది, రేపు ఇంటికి పంపిస్తానన్నది, నువ్వు ఏడవకు అన్నదట. ఆ తర్వాత మళ్లీ ఆ నంబరు కలవలేదట.

తల్లికి మేస్త్రీ సంగతి తెలియదు, మా తమ్ముడి సంగతి తెలియదు. ఆమె వెతుకుతున్నది ఆ మేడం కోసం. చాలా మంచిదట, ఆమె దొరికితే నా బిడ్డ దొరికినట్టే, మీకెవరికైనా తెలుసా అని వచ్చీరాని హిందీలో ఒక్కొక్కరి మొహం చూస్తూ అడిగింది.

మా ఆడవాళ్లంతా తేలు కుట్టిన దొంగల్లా కూర్చున్నారు. అందరి కళ్లూ నా మీదే. తమ్ముడూ, వాడి ఇద్దరు పిల్లలూ నా కళ్ల ముందు తిరిగారు. ఆ పిల్ల కూడా తిరిగింది, కాదనను.

అట్లాంటి మేడం మా దిక్కు ఎవరూ లేరమ్మా అని చెప్పాను.

ఆమె లేచి, నా కాళ్లు మొక్కి, పక్క ఊరికి బస్సు ఎక్కడ ఆగుతుందని అడిగింది. నేనే తోడు పోయి ఎక్కించి వచ్చాను.