వాగు ఒడ్డు వాముల మట్టం

రిటైర్మెంటుకు రెండేళ్ళ ముందు, ఒక జూన్ నెలలో నన్ను నరసరావుపేటకు రోడ్ల శాఖ సూపరింటెండింగ్ ఇంజనీరుగా వేశారు. చేరిన వారానికే ఒక పీపీపీ రోడ్డు ఒప్పందాన్ని తిరగరాసే కమిటీలో సభ్యుణ్ణి చేశారు. పీపీపీ అంటే కంపెనీ తన పెట్టుబడితో రోడ్డు వేసి, ఒప్పుకున్న గడువు దాకా టోలు వసూలు చేసుకుని, ఆనక ప్రభుత్వానికి అప్పగించడం. పని సగంలో ఉండగా కంపెనీ ఒక మార్పు అడిగింది. రాజుపాలెం దాటాక వచ్చే వాగు మీద వంతెన మానేసి, మట్టికట్ట పోసి, అడుగున తూములు పెడతామంది.

తూములు చాలుతాయా లేదా అన్నది గరిష్ఠ వరద మట్టాన్ని బట్టి తేలుతుంది. రికార్డులు లేని చిన్న వాగులకు ఊరివాళ్ళను అడిగి, పంచనామా రాసి, సంతకాలు తీసుకోవడం మా పద్ధతి. నీళ్ళు ఒడ్డు దాటవని ఆ ఊళ్ళో పద్నాలుగు మంది చెప్పారు. నేనూ సరేనని నోటు రాసేశాను. సోమవారం కమిటీలో సంతకాలు కావడమే తరువాయి.

శుక్రవారం గురవమ్మ అనే ఆవిడ ఆఫీసుకు వచ్చింది. వాగు పక్క కాలనీలో ఉంటుంది, రెండు గేదెల మీద బతుకుతుంది. పంచనామాలో మొదటి వేలిముద్ర ఆవిడదే.

"సారూ, ఆనాడు చెప్పింది అబద్ధం. నీళ్ళొస్తయ్యంటే ముంపని రాసుకుని ఇళ్ళు లేపుతారని భయపడ్డాం. అందరం ఒకమాట అనుకుని రావని చెప్పాం. ఇప్పుడు కట్ట పోస్తే నీళ్ళు ఎనక్కి తన్ని మా ఇళ్ళే మునుగుతయ్యంట గదా?"

నాకు ఒళ్ళు మండింది. వేలిముద్ర వేసి ఇప్పుడు కాదంటే కమిటీ ఎలా నమ్ముతుందని గదమాయించాను.

"నన్ను నమ్మబాకండి. మా వాములు చూడండి. గడ్డి తడిసేచోట ఎవురన్నా వామేత్తారా?" అంది.

మర్నాడు ఎత్తులు కొలిచే లెవెల్ మిషన్ తీసుకుని వెళ్ళాను. వాగు వెంట కిలోమీటరు మేర పదకొండు గడ్డివాములు, ఒక్కోటి ఒక్కో ఇంటిది, నాపరాళ్ళ అరుగుల మీద ఉన్నాయి. చూడ్డానికి ఎక్కడబడితే అక్కడ వేసినట్టే ఉన్నాయి. ఒక్కో అరుగు మట్టం తీసి, కాగితం మీద చుక్కలు పెట్టి కలిపాను. ఒకటే గీత! వాగు ఎంత వాలుగా దిగుతోందో గీతా అంతే వాలుగా దిగింది. జానెడు తేడా లేదు. ఔరా అనుకుంటూ గట్టు మీద కూలబడ్డాను. నేను ముప్పై ఏళ్ళు ఫార్ములాలతో కుస్తీపట్టి గీసిన వరద వాలును వీళ్ళ తాతలు గడ్డితో గీసి పెట్టారు. ఆ గీత పంచనామాలో రాసిన మట్టానికి నాలుగడుగుల పైన ఉంది.

సోమవారం నా నోటు నేనే వెనక్కి తీసుకున్నాను. కంపెనీ ప్రతినిధి పంచనామా చూపించి గట్టిగా వాదించాడు. చివరికి తన సర్వేయరుతో వాములు కొలిపించుకుని ఒప్పుకున్నాడు. వంతెన కట్టాలని, అందుకు ప్రతిగా కంపెనీకి నిర్మాణ గడువు ఒక ఏడాది పెంచాలని ఒప్పందం తిరగరాశాం.

వంతెన పూర్తయ్యేసరికి నేను రిటైరయ్యాను. ఆ ఏడు వాగు పొంగిందని తెలిసి, ఉండబట్టలేక వెళ్ళాను. ఎర్రనీళ్ళు వాముల కింది నాపరాళ్ళను తాకీ తాకకుండా పోతున్నాయి. ఇళ్ళలోకి చుక్క రాలేదు. గురవమ్మ వామి నుంచి గడ్డి పీకుతూ, "ఏంది సారూ, మళ్ళా కొలవటానికొచ్చారా?" అంది.

భయపడ్డ మనిషి పంచనామాలో ఏదైనా చెబుతాడు. గేదె మేతను మాత్రం తడిసే చోట పెట్టడు. సంతకాలు తీసుకునే ముందు వాములు ఎక్కడున్నాయో చూడమని మా శాఖలో కొత్తగా చేరినవాళ్ళకు ఇప్పటికీ చెబుతుంటాను.