బైండు పుస్తకాలకు ఒక గది

మా ఆయన పుస్తకాలు చదవడు. ఇది ముందే చెప్పేయాలి. ఎందుకంటే మా ఇంటికి వచ్చినవాళ్లందరూ అలమరల వైపు చూసి, "ఇంత చదివే మనిషి దొరికాడు, అదృష్టవంతురాలివమ్మా" అని నాతోనే అంటారు. ఆయన కొంటాడు, దులుపుతాడు, ప్లాస్టిక్ కవర్లో పెట్టి మూతి అతికిస్తాడు. వెలుతురుకు ఎత్తిపట్టి అటూ ఇటూ తిప్పి చూసుకుని అలమరలో నిలబెడతాడు. ఒక్క పేజీ చదవగా నేను చూడలేదు.

అవి అంగట్లో దొరికే పుస్తకాలు కూడా కావు. ఒకప్పుడు ఇళ్లల్లో ఆడవాళ్లు వారపత్రికల్లోంచి సీరియల్ పేజీలు వారం వారం చించి దాచుకునేవాళ్లు. సీరియల్ అయిపోయాక వాటిని వరసగా పేర్చి, దబ్బనంతో కుట్టి, పాత క్యాలెండర్ అట్ట అంటించి పుస్తకం చేసుకునేవాళ్లు. బైండు పుస్తకాలని పేరు. కథ పేజీ వెనక్కి తిప్పితే సగం వంకాయ కూర, సగం జుట్టు నూనె ప్రకటన. అట్ట లోపల, "చదివి తప్పక తిరిగి ఇవ్వవలెను" అని గుండ్రటి అక్షరాలు. మా అమ్మమ్మ దగ్గర కూడా ఒక పెట్టెడు ఉండేవి. మా ఆయన అవి పోగు చేస్తాడు. నెల్లూరులో పాత కాగితాలు కొనే ఒక సాయిబు ఉన్నాడు. "అన్నా, ఒక కట్ట వచ్చింది, వేరేవాళ్లు చూడకముందే రా" అని అతను ఫోన్ చేస్తే చాలు, మా ఆయన కలుపుకున్న అన్నం కూడా వదిలి బండి తీస్తాడు.

"ప్రతిదీ లోకంలో ఒక్కటే మే. ఇంకోటి దొరకదు," అంటాడు.

నేను డిగ్రీలో తెలుగు చదివాను. చూడ్డానికి వచ్చినవాళ్లలో వంట వచ్చా అని కాకుండా ఏం చదువుతావని అడిగింది ఆయన ఒక్కడే. ఆ ఒక్క ప్రశ్నకే నేను సరేనన్నాను. తలుచుకుంటే ఇప్పటికీ పళ్లు కొరుక్కుంటాను.

ఆయన ఉద్యోగం అల్లూరు అవతల సముద్రం ఒడ్డున, రొయ్య పిల్లల్ని పెంచి చెరువులకు అమ్మే హ్యాచరీలో. అక్కడ పిల్లల షెడ్డులోకి ఎవరు అడుగుపెట్టాలన్నా గుమ్మం దగ్గర చెప్పులు విప్పి, మందు నీళ్లలో కాళ్లు ముంచి, చేతులు కడుక్కుని, చొక్కా మార్చుకోవాలి. ఒకసారి యజమాని బావమరిది నేరుగా లోపలికి రాబోతే మా ఆయన తలుపుకు అడ్డం నిలబడ్డాడట. "నీ కాళ్లతో ఏం వస్తాందో నీకూ తెలీదు, నాకూ తెలీదన్నా. పసివి, తట్టుకోలేవు," అన్నాడట. ఇంటికొచ్చి ఆ సంగతి చెప్పినప్పుడు నాకు గర్వంగానే అనిపించింది. అప్పుడు నేను కడుపుతో ఉన్నాను.

మాది రెండు గదుల ఇల్లు. గాలి, వెలుతురు బాగా వచ్చే గది పుస్తకాలది. సముద్రపు గాలికి కాగితం మెత్తబడుతుందని ఇంట్లో ఉన్న ఒక్క ఏసీ కూడా అక్కడే పెట్టాడు. మేము ముగ్గురం రెండో గదిలో. అత్తమ్మ హాల్లో.

పాపకు పాలిచ్చే రోజుల్లో ఒకసారి ఒక బైండు పుస్తకం కవరు విప్పి చదువుతూ కూర్చున్నాను. పేజీల మీద అక్కడక్కడా పసుపు వేలిముద్రలు. ఎవరో ఒకావిడ పొయ్యి దగ్గర నిలబడి చదివి ఉంటుంది. ఆయన వచ్చి చూసి, దొంగను పట్టుకున్నట్టు నా చేతిలోంచి లాక్కున్నాడు.

"పాల చేతుల్తో ముట్టుకుంటారా ఎవరన్నా?"

"మరి ఈ పసుపు మరకలో?"

"అవి పాతవి. వాటితోనే దానికి విలువ," అన్నాడు. నేను ఇంకా పాతబడలేదని అర్థమైంది.

పోయిన కార్తీకంలో వానలు పట్టుకున్నాయి. కరెంటు పోయి, ఏసీ ఆగిపోయి, పుస్తకాల మీద తెల్లగా బూజు పట్టింది. అప్పటికే పాపకు రెండేళ్లు నిండాయి. చలికాలం వస్తే రొమ్ములో పిల్లికూతలు మొదలవుతాయి. ఊపిరి తీసుకున్నప్పుడల్లా పక్కటెముకల కింద గుంట పడుతుంది. ఆ గుంట చూడకుండా నేను ఏ పనీ చేయలేను. గిన్నె కడుగుతూ వెళ్లి చూస్తాను, బట్టలు ఆరేస్తూ వెళ్లి చూస్తాను. ఇంట్లో ఇలాంటి పిల్ల ఉందని ఆయనకు తెలుసు.

హ్యాచరీలో ఒక విడత పిల్లలు అమ్ముడైపోయాక షెడ్డు మూసేసి, సందులన్నిటికీ టేపు అంటించి, లోపల మందు పొగ పెడతారు. పురుగూ బూజూ అన్నీ చస్తాయి. ఆయన అదే మందు ఇంటికి తెచ్చాడు. నాకు చెప్పలేదు. మధ్యాహ్నం అత్తమ్మ పక్కింటికి వెళ్లి, పాపను నిద్రపుచ్చి నేను పెరట్లో ఉన్నప్పుడు పుస్తకాల గదిలో పొగ పెట్టి, తలుపు చుట్టూ శ్రద్ధగా టేపు అంటించి డ్యూటీకి వెళ్లిపోయాడు. తలుపు సందులు ఆయనకు గుర్తున్నాయి. అటక గుర్తులేదు. మా రెండు గదులకూ ఒకటే అటక, మధ్యలో గోడ లేదు. మందు ఆ దారిన పాప నిద్రపోతున్న గదిలోకి దిగింది.

నేను లోపలికి వచ్చేసరికి నా కళ్లు మండిపోయాయి. పాప ఏడవడం లేదు. ఏడవడానికి దానికి ఊపిరి లేదు. నోరు తెరిచి, మెడ వెనక్కి వాల్చి లోపలికి లాక్కుంటోంది.

నెల్లూరు ఆసుపత్రిలో ముక్కుకు మాస్కు పెట్టి మందు పీల్పించారు. ఆయన హ్యాచరీ నుంచి నేరుగా అక్కడికే వచ్చాడు. డాక్టరమ్మ, "ఇంట్లో ఏమన్నా పొగ పెట్టారా?" అని అడిగింది.

"దోమల చక్రం వెలిగించినాం మేడమ్," అన్నాడు.

"అబద్ధం. పుస్తకాలకు మందు పెట్టినాడు," అన్నాను.

"పుస్తకాలకా?" అని ఆమె రాయడం ఆపింది. తర్వాత మా ఇద్దరికీ వినపడేలా చెప్పింది. ఆ మందు మళ్లీ ఇంట్లోకి రాకూడదు. పాత కాగితం దుమ్ము, బూజు కూడా ఈ పాపకు పడవు. ఆ పుస్తకాలు ఇంట్లోంచి తీసేయాలి. ఆయన తల ఊపాడు.

నేను ఆసుపత్రి నుంచి నేరుగా పాపను తీసుకుని గూడూరు, మా అమ్మ దగ్గరికి వెళ్లిపోయాను. అక్కడ పాప హాయిగా ఊపిరి పీల్చింది. నాకే ఊపిరాడలేదు, వచ్చిపోయేవాళ్ల మాటలకు.

"మొగుడు తాగొచ్చి కొడితే వచ్చినోళ్లని చూసినాను, పేకాటాడి ఇల్లు గుల్ల చేస్తే వచ్చినోళ్లని చూసినాను. పుస్తకాలకి అలిగొచ్చిందాన్ని నిన్నే చూస్తాండా," అంది మా అమ్మ.

"పాప సచ్చి బతికింది మా."

"కావాలని చేసినాడా ఏంది? నలుగురిలో చెప్పుకోడానికన్నా ఉందా ఇది?"

అదే నా మంట. మా ఆయన తాగుబోతు అయ్యుంటే ఊరంతా నా వైపు ఉండేది. పుస్తకాలనేసరికి అందరికీ ఆయన మీద గౌరవం పుట్టుకొస్తుంది, నేను చదువుకుని కూడా చదువు విలువ తెలియనిదాన్ని అయిపోతాను.

కొన్నాళ్లకు ఆయన ఫోన్ చేశాడు. "గది ఖాళీ చేసేసినాను. సున్నం కొట్టించినాను. పాపకి కొత్త దివాన్ చేయించినాను, ఇంక ఆ గది దానిదే. రండి."

"పుస్తకాలు?"

"ఇచ్చేసినాను మే, ఒకరికి."

ఆ గొంతు విని నాకు జాలేసింది కూడా. వెళ్లి చూస్తే నిజంగానే అలమరలు లేవు. తెల్లటి గోడలు, కిటికీ పక్కన దివాన్, దాని మీద పువ్వుల దుప్పటి. పాప దాని మీద ఎక్కి గంతులేసింది.

వారం తిరక్కుండానే పిల్లికూతలు మళ్లీ మొదలయ్యాయి.

నేను ఇల్లంతా వెతికాను. తిరగమోతలో మిరపకాయలు మానేశాను. పెరట్లోకి వచ్చే పిల్లిని తరిమేశాను. గుడ్డబొమ్మలు ఉడకబెట్టి ఎండబెట్టాను. "సాయంత్రంపూట అరటిపండు పెడితే ఇట్టానే అవుద్ది. చెప్తే వినవు గదా," అని అత్తమ్మ నన్నే తిట్టింది. నిజంగా నాదే తప్పేమోనని అరటిపండూ మానేశాను, పెరుగూ మానేశాను. పాప చిక్కిపోయింది. ఇదంతా ఆయన చూస్తూనే ఉన్నాడు. దుమ్మేమోనని నేను కర్టెన్లు విప్పుతుంటే, పడిపోతావు జాగ్రత్త అంటూ స్టూలు పట్టుకున్నాడు.

ఒకరోజు ఉదయం పాప పక్క తడిపింది. పరుపు ఎండలో వేద్దామని ఎత్తితే కింద చెక్క కూడా తడిసి ఉంది. అదీ ఆరబెడదామని పైకి లేపాను. కలరా ఉండల వాసన గుప్పున మొహానికి కొట్టింది. దివాన్ లోపల, ఈ చివరి నుంచి ఆ చివరి దాకా, బైండు పుస్తకాలు. నిలువుగా కొన్ని, అడ్డంగా కొన్ని. కవర్లలో పట్టనివి అలాగే విడిగా. సందుల్లో కలరా ఉండలు.

నా బిడ్డను వాటి మీద పడుకోబెట్టాను. రోజూ నా చేతుల్తో, జో కొట్టి మరీ.

అన్నీ తీసి హాల్లో పడేశాను. పసుపు మరకల పుస్తకం కూడా కనిపించింది. అది కుట్టిన ఆవిడ తన బిడ్డ మంచం కింద పెట్టి ఉండదు. బిడ్డ నిద్రపోయాక కుట్టుకుని ఉంటుంది, బిడ్డ లేవగానే పక్కన పడేసి పరిగెత్తి ఉంటుంది. ఆవిడ చేతి కుట్టును కాపాడతానని బయలుదేరిన మనిషి ఈయన.

మధ్యాహ్నం భోజనానికి వచ్చాడు. గుమ్మంలోనే ఆగిపోయాడు. తర్వాత వంగి, పాప తడిపిన పుస్తకం తీసి, చొక్కా అంచుతో తుడిచాడు.

"మెల్లగా పెట్టుండాల్సింది మే. కుట్లు తెగిపోతాయి."

"పాప లోపల పడుకోనుంది. ఎట్టా ఉందని అడిగినారా?"

"కవర్లు బిగించే పెట్టినాను. దుమ్ము బయటికి రాదనుకున్నా..."

"ఎండు మిరపకాయలు మానేసినాను. పెరుగు మానేసినాను. స్టూలు పట్టుకున్నారే, అప్పుడన్నా నోరు రాలేదా?"

అత్తమ్మ ఆ పుస్తకాలనూ కొడుకునూ మార్చి మార్చి చూసింది. ఇన్నాళ్లూ అరటిపండు అన్న మనిషి లేచి వెళ్లి పాప పక్కన కూర్చుంది. చివరికి ఆయనే అన్నాడు, "మళ్లీ గూడూరు పోతావా?"

"నేనెందుకు పోవాల? ఈసారి మీరు పోండి, వీటిని తీసుకోని. హ్యాచరీలో మీకు క్వార్టర్సు ఉంది గదా."

"ఆడ సముద్రం పక్కనే మే. ఉప్పుగాలికి ఆరు నెలలు ఉండవు."

"అయితే అమ్ముకోండి. తగలబెట్టుకోండి. ఈ గుమ్మం లోపలికి ఇంక రాకూడదు."

అమ్మలేదు. సాయంత్రానికి హ్యాచరీ వ్యాను వచ్చింది. రొయ్య పిల్లల సంచులు సర్దే అట్టపెట్టెల్లో పుస్తకాలు సర్దుకుని, వాటితోపాటే వెళ్లాడు. రాత్రి డ్యూటీ అని చుట్టాలకు చెప్పుకుంటున్నాం. ఆయన ఉండేది అక్కడే.

రోజూ సాయంత్రం పాపను చూడ్డానికి వస్తాడు. గేటు లోపల ఒక బకెట్టు నీళ్లు, సబ్బు, తీగ మీద ఉతికిన చొక్కా పెట్టాను. కాళ్లూ చేతులూ కడుక్కుని, చొక్కా మార్చుకుంటేనే పాపను ఇస్తాను.

మొదటి రోజు అత్తమ్మ నోరు నొక్కుకుంది. "ఏందిమ్మే ఇది, కట్టుకున్నోడికి గేటుకాడ బకెట్టు పెట్టినావు? ఇరుగూ పొరుగూ చూస్తే ఏమనుకుంటారు?"

"మీ అబ్బాయి నేర్పిందే అత్తమ్మా. ఆయన రొయ్య పిల్లలకి ఇంతకంటే ఎక్కువే చేస్తాడు."

ఆయన బకెట్టు వైపు చూశాడు, నా వైపు చూశాడు. చెప్పులు విప్పాడు. తీసిపెట్టిన చొక్కా జేబులో ఫోన్ మోగింది. పలచటి గుడ్డలోంచి సాయిబు పేరు నేను నిలబడ్డ చోటుకే కనపడింది. ఆయన చేతులకు సబ్బు ఉంది. అది మోగి మోగి ఆగిపోయేదాకా వేళ్ల సందులు రుద్దుకుంటూనే ఉన్నాడు. తర్వాత తిరిగి చేశాడో లేదో నేను అడగలేదు. పాప ఆయన భుజం మీద పడుకుంటే దాని చొక్కా పైకి లాగి, పక్కటెముకల కింద చూసుకున్నాను. గుంట పడటం లేదు.