గాజు గొట్టంలో నెయ్యి

మా పెదనాన్నకు చక్కెర జబ్బని తెలిసిన రోజే ఇంట్లో ఆయనకు చక్కెర, బెల్లం మాన్పించారు. ఆ లోటును నెయ్యితో పూడ్చారు. నెయ్యి తీపి కాదు కనుక అది పథ్యమేనని మా పెద్దమ్మ తీర్మానం.

మైదుకూరు దగ్గర మా ఇంట్లో ఒక ఆచారం ఉండేది. సంగటి ముద్దలో గుంత చేసి, తినేవాడు చెయ్యి అడ్డం పెట్టేదాకా నెయ్యి పోయాలి. పెదనాన్న చెయ్యి అడ్డం పెట్టగా నేను చూడలేదు. గుంత నిండి, ముద్ద కూలి, నెయ్యి మోచేతి దాకా కారేది. ఆ మోచేతిని ఆయన నాకేవాడు. పక్కన కూర్చున్న నాకు ఆకలి కొంచెం తగ్గేదని మాత్రం చెబుతాను.

కొన్నాళ్లకు ఆ మోచేతుల మీదే పసుపుపచ్చటి పొక్కులు లేచాయి, చీము పట్టిన సజ్జగింజల్లా. ఆ తర్వాత కడుపునొప్పి. మెలికలు తిరిగిపోతుంటే బస్సులో కర్నూలు ఆసుపత్రికి తీసుకుపోయాను. దారిలో వాంతుల సంగతి వదిలేద్దాం, బస్సువాళ్లు వదల్లేదు.

డాక్టరు రక్తం తీసి గాజు గొట్టంలో నిలబెట్టాడు. కాసేపటికి తెచ్చి చూపించాడు. అడుగున ఎరుపు. పైన మందంగా, తెల్లగా, మీగడ.

“ఇదేంది సామీ, పాలు కలిపినారా?” అన్నాడు పెదనాన్న.

“మీరు తిన్న నెయ్యే. మామూలు మనిషి ఒళ్లు తిన్న కొవ్వును కొన్ని గంటల్లో రక్తంలోంచి సర్దేస్తుంది. ఈ జబ్బు ముదిరితే ఒళ్లు చక్కెరనే కాదు, కొవ్వునూ సర్దలేదు. నిన్నటిది రక్తంలోనే తిరుగుతుంటే, మీరు ఇవాళ్టిది పోస్తున్నారు. ఆ పొక్కుల్లో ఉన్నదీ అదే, కడుపునొప్పి తెచ్చిందీ అదే.”

“నెయ్యిలో తీపు యాడుండాదప్పా?”

“ఇంకోసారి ఈ నొప్పి వస్తే మిమ్మల్ని బతికించడం నా వల్ల కాదు” అన్నాడు డాక్టరు.

నొప్పి తగ్గి ఇల్లు చేరాం. పెద్దమ్మ సంగటి పెట్టి, గరిటె ఎత్తింది. పెదనాన్న చెయ్యి అడ్డం పెట్టాడు.

“చెయ్యి తీయండి. ఉత్త సంగటి గొంతు దిగుతాదా?”

“పొయ్యొద్దు మే. లోపల ఉండేదే శానా దినాలొస్తాది.”

పెద్దమ్మ ముఖం చిన్నబోయింది. ఎత్తిన గరిటెను ఊరికే దించడం ఆమెకు చేతకాదు. నా వైపు తిప్పింది.

“నువ్వన్నా తినురా నాయనా, చదివి చదివి ఎండిపోయినావు.”

చలికాలం. గరిటె అంచున నెయ్యి పేరుకుంది, మందంగా, తెల్లగా. ఒక చెయ్యి చాలదనిపించి నేను రెండూ అడ్డం పెట్టాను.